చెరువుల మీద పీహెచ్‌డీ ప్రతిపాదన: ముందు పోలిక తేల్చుకోండి

మీ ప్రశ్నను ముందు నాలుగు ముక్కల్లో చెబుతాను, మీలాంటి పరిస్థితిలో ఉన్న మరికొందరికీ పనికొస్తుంది. మీరు గ్రామీణాభివృద్ధిలో పీహెచ్‌డీ చేస్తున్నారు, ఉండేది హనుమకొండలో. కోర్స్‌వర్క్ అయిపోయింది. చెరువుల పూడిక తీసి బాగుచేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మీద, 'వరంగల్ జిల్లాలో వ్యవసాయంపై మిషన్ కాకతీయ ప్రభావం – ఒక అధ్యయనం' అనే పేరుతో సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) రాసి ఇచ్చారు. మీ గైడ్ చదివి, 'అంశం ఉంది, ప్రశ్న లేదు' అని రాసి వెనక్కి ఇచ్చారు. ఇంకో రెండు నెలల్లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పెట్టాలి. టెన్షన్‌గా ఉంది, మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను ఈ ప్రాంతంలోనే సోషల్ సైన్సెస్ విద్యార్థులకు చాలాకాలం గైడ్‌గా ఉన్నాను, ఇలాంటి కమిటీల్లో కూర్చున్నాను. మీ గైడ్ రాసిన మాట సరైనదే. మీరు కంగారు పడాల్సిన పని మాత్రం లేదు. అంశం మంచిది. ఒకదాని నీళ్లు ఇంకోదానిలోకి పారే గొలుసుకట్టు చెరువులున్న ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు చెరువుల మీద పరిశోధన చేయాలనుకోవడం నాకు ఎప్పుడూ సంతోషమే. మత్తడి దుంకడం (చెరువు నిండి అలుగు పారడం) అంటే ఏమిటో, శిఖం భూమి (చెరువు లోపలి నేల) అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తెలిసినతనాన్ని పరిశోధనగా మార్చడమే ఇప్పుడు చేయాల్సింది.

మీరు జతచేసిన పేజీలు చదివాక నాకు కనిపించిన అసలు లోటు ఒక్కటే. అందులో పోలిక లేదు. దేన్ని దేనితో పోల్చి 'ప్రభావం' అంటారో ఎక్కడా చెప్పలేదు. మిగతా లోపాలన్నీ దాన్నుంచి వచ్చినవే. లక్ష్యాలు పదకొండు అయ్యాయి, శాంపిల్ ఎందుకంతో చెప్పలేకపోయారు, టైంటేబుల్ గాలిలో ఉంది. పోలిక తేలితే వీటిలో చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం దాని మీదే రాస్తాను.

ముందు ప్రశ్న సంగతి. మీరు రాసుకున్న వాక్యానికి 'కాదు' అనే జవాబు వచ్చే అవకాశం ఉందా అని చూడండి. 'ప్రభావం – ఒక అధ్యయనం' అన్నదానికి ఏ జవాబు వచ్చినా సరిపోతుంది. దిగుబడి పెరిగినా ప్రభావమే, పెరగకపోయినా ప్రభావమే. అలాంటి వాక్యం మీద మూడేళ్లు పనిచేస్తే చివరికి రెండు వందల పట్టికలు మిగులుతాయి, చెప్పడానికి మాట మిగలదు. దానికి బదులు ఇలా అడగండి: పూడిక తీసిన చెరువు కింద కాలువ చివరి పొలాలకు యాసంగిలో (రబీలో) నీళ్లు అందడం పెరిగిందా, పూడిక తీయని చెరువు కింద చివరి పొలాలతో పోలిస్తే ఎంత తేడా? దీనికి 'లేదు' అనే జవాబు రావచ్చు. పూడిక తీసినా కాలువలు బాగుచేయకపోతే తూము దగ్గర పొలాలకే నీళ్లు ఎక్కువై, చివరివాళ్లకు ఎప్పటిలాగే ఉండొచ్చు. ఆ 'లేదు' కూడా విలువైన జవాబే, నీటిపారుదల శాఖకు పనికొచ్చే జవాబు.

ఇదే అంశంలో వేరే ప్రశ్నలూ ఉన్నాయి. ప్రభుత్వ ఖర్చుతో తవ్విన పూడిక మట్టిని రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. ఆ మట్టి వేసిన పొలంలో ఎరువుల ఖర్చు తగ్గిందా, తగ్గితే ఎన్నేళ్లు నిలిచింది? చెరువు ఎక్కువకాలం నిండుగా ఉంటే శిఖంలో సాగు చేసుకునే కుటుంబాలు ఏమయ్యాయి? చేపల సొసైటీల ఆదాయం మారిందా? ఒక్కోదానికి ఒక్కో పద్ధతి కావాలి. మట్టి ప్రశ్నకు మట్టి పరీక్షలు కావాలి, శిఖం ప్రశ్నకు కొద్ది కుటుంబాలతో లోతైన సంభాషణలు కావాలి. మీరు అన్నింటినీ ఒకే సినాప్సిస్‌లో పెట్టారు. ఒకటి ఎంచుకోండి. మీ కోర్స్‌వర్క్, మీకున్న స్టాటిస్టిక్స్ పరిచయం చూస్తే చివరి ఆయకట్టు ప్రశ్న, అంటే చెరువు కింద సాగయ్యే భూమిలో కాలువ చివరి పొలాల ప్రశ్న, మీకు సరిపోతుందని నా అభిప్రాయం. ఇక ముందు దాన్నే పట్టుకుని మాట్లాడతాను.

ఇప్పుడు పోలిక. మీ ముసాయిదాలో '2014కు ముందు, తర్వాత' అని పోల్చుతానన్నారు. చాలామంది అదే చేస్తారు. ఎందుకు నిలబడదో చూడండి. మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలైంది, రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులు, కుంటలను దశలవారీగా బాగుచేయాలన్నది లక్ష్యం. 2015లోనే రాష్ట్రంలో తీవ్రమైన కరువు. పూడిక తీసిన మొదటి ఏడాదే చాలా చెరువులకు నీళ్లు రాలేదు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అదే ఏడాది వానాకాలం నుంచి రైతుబంధు పెట్టుబడి సాయం, మొదట్లో ఎకరాకు సీజన్‌కు 4 వేల రూపాయలు. 2019లో కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ప్రారంభం. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు అందే ఊళ్లలో చెరువులను ఆ నీళ్లతోనూ నింపుతున్నారు. ఇన్ని మార్పులు ఐదేళ్లలో ఒకదాని మీద ఒకటి వచ్చాయి. 2014లో యాసంగి వరి రెండెకరాలు వేసిన రైతు 2021లో నాలుగెకరాలు వేస్తే అది పూడికతీత వల్లనా, కరెంటు వల్లనా, కాలువ నీళ్ల వల్లనా, మంచి వానల వల్లనా? ముందు-తర్వాత పోలిక ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. కమిటీలో ఎవరో ఒకరు కచ్చితంగా ఇదే అడుగుతారు.

కాబట్టి రెండు వైపుల పోలిక కావాలి. పూడిక తీసిన చెరువుల కింద ముందుకీ తర్వాతకీ వచ్చిన మార్పు ఒకవైపు. అదే కాలంలో పూడిక తీయని, లేదా చాలా ఆలస్యంగా తీసిన చెరువుల కింద వచ్చిన మార్పు ఇంకోవైపు. రెండో మార్పును మొదటి మార్పులోంచి తీసేస్తే మిగిలేదే మీరు మాట్లాడదగిన తేడా. కరువు, కరెంటు, రైతుబంధు రెండు వైపులా ఒకేలా తగిలాయి కాబట్టి అవి చాలావరకు కొట్టుకుపోతాయి. దీన్ని ఎకనామిక్స్ వాళ్లు డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అంటారు. పేరు పెద్దదే కానీ లెక్క మీరు చేయగలిగిందే.

అయితే రెండు జాగ్రత్తలు. మొదటిది, ఏ చెరువును ముందు బాగుచేశారన్నది చీటీలు తీసి నిర్ణయించింది కాదు. పెద్ద చెరువులు, ఎక్కువ ఆయకట్టు ఉన్నవి, ఊరి పెద్దల పలుకుబడి ఉన్నవి ముందు వచ్చి ఉండొచ్చు. అలాంటి చెరువును ఎవరూ పట్టించుకోని చిన్న కుంటతో పోలిస్తే తేడా ముందు నుంచే ఉంటుంది. అందుకని ఆయకట్టు, పరీవాహక ప్రాంతం, గొలుసులో స్థానం దగ్గరదగ్గరగా ఉన్న చెరువులను జతలుగా ఎంచుకోవాలి. ఒకే గొలుసులోని పై చెరువును, కింది చెరువును మాత్రం జత చేయకండి. పై చెరువు ఎక్కువ నీళ్లు పట్టుకుంటే కిందిదానికి తగ్గవచ్చు, అప్పుడు పోలికే చెడిపోతుంది. రెండోది, కాలువ నీళ్లు అందే చెరువులనూ వాన నీళ్ల మీదే ఆధారపడ్డ చెరువులనూ కలపకండి. నేనైతే కాలువ నీళ్లు రాని చెరువులకే పరిమితమవుతాను. మీ థీసిస్ చిన్నదవుతుంది, కానీ నమ్మదగినదవుతుంది.

'నీళ్లు అందడం' అంటే ఏమిటో కూడా సినాప్సిస్‌లోనే తేల్చండి. మన దగ్గర చివరి ఆయకట్టు రైతులు చాలామంది తూము కోసం ఎదురుచూడడం మానేసి బోర్లు, బావుల మీద పంట తీస్తున్నారు. చెరువు నిండితే ఆ బావుల్లో నీటిమట్టం పెరుగుతుంది. కాలువలో పారిన నీళ్లనే కొలిస్తే చెరువు చేసిన మేలులో సగం మీ లెక్కలోకి రాదు. మరోవైపు బావిలో నీళ్లున్నా కరెంటు లేకపోతే పారదు కాబట్టి 2018 ముందరి సంగతి వేరు, తర్వాతి సంగతి వేరు. కాబట్టి ప్రతి పొలానికి మూడు విషయాలు విడివిడిగా అడగండి: యాసంగిలో ఎన్ని తడులు తూము నుంచి వచ్చాయి, ఎన్ని బావి నుంచి, బోరు ఆగి ఆగి పోయడం ఏ నెలలో మొదలైంది. రైతులు ఈ భాషలోనే ఆలోచిస్తారు కాబట్టి జవాబు సూటిగా వస్తుంది. 'నీటి లభ్యత మెరుగైందా' అని ఐదు గడుల స్కేలు పెడితే అందరూ 'కొంతవరకు' దగ్గర టిక్ పెట్టిస్తారు, మీకు ఏమీ తెలియదు.

తర్వాత మీ థీసిస్ పేరులోని 'వరంగల్ జిల్లా'. దీని మీద ప్రత్యేకంగా చెప్పాలి, ఉత్తర తెలంగాణ మీద పనిచేసే చాలా ప్రతిపాదనలు ఇక్కడే దెబ్బతింటాయి. 2011 జనాభా లెక్కల్లోని వరంగల్ జిల్లా వేరు. 2016 అక్టోబరు 11న అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది, చేర్యాల వైపు మండలాలు సిద్దిపేటకు వెళ్లాయి. కరీంనగర్‌లో ఉన్న కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి ఇటు వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయింది. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా హనుమకొండగా, రూరల్ జిల్లా వరంగల్‌గా మారాయి, కొన్ని మండలాలు అటూఇటూ అయ్యాయి. అంటే 2012 నాటి నివేదికలో 'వరంగల్ జిల్లా సాగు విస్తీర్ణం' అని ఉన్న అంకెనూ, 2022 నివేదికలో అదే పేరుతో ఉన్న అంకెనూ పక్కపక్కన పెడితే సాగు కుప్పకూలినట్టు కనిపిస్తుంది. కూలింది ఏమీ లేదు, హద్దులు మారాయి. మీరు జిల్లా స్థాయి అంకెలను వదిలేసి మండలం, వీలైతే గ్రామం స్థాయిలో లెక్కలు కట్టండి. మండలాలు కూడా కొన్ని కొత్తవి వచ్చాయి కాబట్టి ఏ గ్రామం అప్పుడు ఏ మండలంలో ఉందో ఇప్పుడు ఏ మండలంలో ఉందో ఒక పట్టిక తయారుచేసి అనుబంధంగా పెట్టండి. థీసిస్ పేరులో 'ఉమ్మడి వరంగల్ జిల్లా' అని రాసి, దాని హద్దులు ఏ తేదీ నాటివో మొదటి పేజీలోనే చెప్పండి.

సమాచారం ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే చూసుకోవాలి, ఆమోదం వచ్చాక కాదు. ఏ చెరువుకు ఏ దశలో పని జరిగింది, ఎంత మట్టి తీశారు, తూము, కట్ట, మత్తడి పనులు అయ్యాయా లేదా అన్నది నీటిపారుదల శాఖ దగ్గర ఉంటుంది. మర్యాదగా వెళ్లి, యూనివర్సిటీ లేఖ చూపించి అడిగితే చాలాసార్లు ఇస్తారు. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ 30 రోజులను మీ టైంటేబుల్‌లో వేసుకోండి. భూగర్భజల మట్టాలు కేంద్ర ప్రభుత్వ జలవనరుల సమాచార వేదిక ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ పోర్టల్‌లో దొరుకుతాయి. మండలాల వారీ వర్షపాతం రాష్ట్ర ప్రణాళికా విభాగం నుంచి తీసుకోవచ్చు, అది లేకుండా మీ విశ్లేషణ ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

చెరువులో నీళ్లు ఎంత విస్తీర్ణంలో ఉన్నాయో ఉపగ్రహ చిత్రాల నుంచి కొలుస్తానని రాశారు. మంచి ఆలోచన. కానీ సెంటినెల్-2 అనే ఉపగ్రహ శ్రేణి అన్నారు, దాని మొదటి ఉపగ్రహాన్ని ప్రయోగించింది 2015 జూన్‌లో. మీకు కావలసిన 'ముందు' కాలానికి దాని చిత్రాలే లేవు. 2015కు ముందు ల్యాండ్‌శాట్ అనే పాత ఉపగ్రహ శ్రేణి మీదే ఆధారపడాలి. ల్యాండ్‌శాట్‌లో ఒక గడి 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్లు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరానికి నాలుగున్నర గడులు. పదెకరాల కుంటకు 45 గడులు వస్తాయి, వాటిలో అంచు గడులు సగం నీరు, సగం నేల. అంత చిన్న కుంటలో 'విస్తీర్ణం 12 శాతం పెరిగింది' అని చెప్పలేం. యాభై ఎకరాలకు పైబడ్డ చెరువులైతే ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది. ముందుకీ తర్వాతకీ ఒకే ఉపగ్రహ శ్రేణిని వాడండి, ఒకే నెల చిత్రాలు తీసుకోండి. ఆగస్టు, సెప్టెంబరులో మబ్బులు అడ్డం వస్తాయి. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో ఆకాశం తేటగా ఉంటుంది, యాసంగికి ఎన్ని నీళ్లు మిగిలాయో అప్పుడే తెలుస్తుంది.

శాంపిల్ దగ్గరికి వద్దాం. మీరు 384 మంది రైతులు అని రాశారు. ఎందుకు అని అడిగితే 'ఫార్ములా' అంటారు. ఆ అంకె ఎక్కడిదో తెలుసుకోండి: నిష్పత్తి 50 శాతం అనుకుని, 95 శాతం నమ్మకంతో, అటూఇటూ 5 శాతం పొరపాటుకు అవకాశం ఇస్తే 384 వస్తుంది. అది ఒక పెద్ద జనాభాలోంచి ఒక్కొక్కరిని విడిగా, యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడు మాత్రమే. మీరు అలా ఎంచుకోవడం లేదు. ముందు చెరువులను ఎంచుకుని, ఆ చెరువు కింద రైతులను ఎంచుకుంటున్నారు. ఒకే చెరువు కింది రైతులు ఒకే నీళ్లు, ఒకే నేల, ఒకే నీరటికాడి (చెరువు నీళ్లు వదిలే మనిషి) మీద ఆధారపడతారు, వాళ్ల జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఆ దగ్గరతనాన్ని 0 (అసలు లేదు) నుంచి 1 (అందరిదీ ఒకే జవాబు) దాకా కొలిస్తే 0.05 అనుకుందాం, ఇది ఉదాహరణ కోసమే. 12 చెరువుల కింద 30 మంది చొప్పున 360 మందిని తీసుకుంటే, చెరువుకు మనుషుల సంఖ్యలోంచి ఒకటి తీసి 0.05తో గుణించి ఒకటి కలిపితే 2.45 వస్తుంది. 360ని దానితో భాగిస్తే 147. అంటే మీరు 360 మంది ఇళ్లకు వెళ్లినా మీ చేతిలో ఉన్న సమాచారం బలం 147 మందిదే. అదే 36 చెరువుల కింద 10 మంది చొప్పున తీసుకుంటే భాగించే అంకె 1.45, బలం 248 మందిది. మనుషులు అంతే, ఇంటర్వ్యూలు అన్నే, పోలిక బలం చాలా ఎక్కువ. కాబట్టి ఎక్కువ చెరువులు, ఒక్కో చెరువు కింద తక్కువ మంది. బస్సు ఖర్చు, తిరుగుడు పెరుగుతాయన్నది నిజమే, మీ గైడ్‌తో కూర్చుని ఎక్కడ ఆపాలో తేల్చుకోండి. 18 జతలు, అంటే 36 చెరువులు ఒక్కరే చేయగలిగిన పని, ఇద్దరు ఫీల్డ్ సహాయకులు ఉంటే సులువు.

ఆ పది మందిని ఎక్కడి నుంచి ఎంచుకుంటారు? పట్టాదారు జాబితా నుంచి అని రాశారు. అలా చేస్తే కౌలు రైతులు మొత్తం జారిపోతారు. పట్టా హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు పేరు మీద, పొలం మీద కష్టపడేది ఊళ్లో ఉన్న కౌలుదారు. పొలం చేసేది ఆడమనిషి, పాస్‌బుక్ మామ పేరు మీద. మీ ప్రశ్న నీళ్లు అందాయా అన్నది కాబట్టి, ఆ నీళ్లు పారించినవాళ్లే మీకు కావాలి. దీనికి ఒక పద్ధతి ఉంది. పొలాలను ఎంచుకోండి, మనుషులను కాదు. ఆయకట్టు పటం మీద మొదలు, నడుమ, చివర అని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగంలో సర్వే నంబర్లను యాదృచ్ఛికంగా తీసి, ఈ యాసంగి ఆ పొలం ఎవరు చేశారు అని అడిగి ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. నీరటికాడు ఇంకా ఉన్న ఊళ్లలో ఆయనతో ఒక పూట కట్ట మీద నడిస్తే పటంలో లేనివి ఎన్నో తెలుస్తాయి. ఆయన లేని ఊళ్లలో నీళ్లు ఎవరు వదులుతున్నారన్నది కూడా రాసుకోండి.

పదేళ్ల కిందటి సంగతి అడుగుతున్నారు కాబట్టి జ్ఞాపకం సమస్య వస్తుంది. '2013-14 యాసంగిలో మీకు ఎన్ని తడులు అందాయి' అంటే ఎవరూ చెప్పలేరు. మన ప్రాంతంలో అందరికీ గుర్తుండే కాలసూచికలు వాడండి. తెలంగాణ వచ్చిన ఏడు, నోట్లు రద్దయిన ఏడు, కరోనా ఏడు. వీటన్నిటికన్నా మంచిది మేడారం జాతర. రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది, 2014, 2016, 2018, 2020, ఇలా సరి సంవత్సరాల్లో. అది యాసంగి నడుమ పడుతుంది కాబట్టి 'ఆ జాతరకు పోయినప్పుడు పొలం ఏ పంటలో ఉంది, తూము పారుతుందా' అని అడిగితే మనిషి ఆగి, ఆలోచించి, జవాబు చెబుతాడు. దిగుబడిని మాత్రం జ్ఞాపకం మీద అడగకండి, లేదా అడిగినా దాని మీద బరువు పెట్టకండి. బస్తాల్లో చెబుతారు, ఆ బస్తా ఒకరికి 40 కిలోలు, ఇంకొకరికి 70 దాటుతుంది. ప్రతిసారీ కిలోలు అడిగి రాసుకోండి. విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లోనే రాసుకోండి, ఎకరాకు 40 గుంటలు, హెక్టార్లలోకి తర్వాత మార్చుకోవచ్చు.

ఇంటర్వ్యూ షెడ్యూల్‌ను సినాప్సిస్‌తోపాటే తయారుచేయండి. ఊళ్లో మాట్లాడే తెలుగులో, మీ శాంపిల్‌లో లేని ఒక ఊరిలో పది పదిహేను మందితో అడిగి చూడండి. కమిటీకి వెళ్లే ముందే ఈ పైలట్ చేసినవాళ్ల మాటల్లో తేడా మాకు వెంటనే తెలుస్తుంది. 'ఈ ప్రశ్నకు రైతులు ఇలా అర్థం చేసుకున్నారు కాబట్టి మార్చాను' అని ఒక్క వాక్యం చెబితే చాలు, కమిటీకి మీ మీద నమ్మకం కుదురుతుంది.

సాహిత్య సమీక్షను మీరు ఇరవై పేజీలు రాశారు. మొదటి ఎనిమిది పేజీలు కాకతీయుల చరిత్ర: గణపతిదేవుడు, పాకాల, రామప్ప చెరువు. చదవడానికి బాగుంది, నాకూ ఇష్టమైన విషయమే. కానీ మీ ప్రశ్నకు అది అర పేజీ చాలు. మిగతా జాగా ఇప్పటికే జరిగిన పనికి ఇవ్వండి. మిషన్ కాకతీయ మొదటి దశ మీద నాబార్డ్ అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ ప్రభావ అధ్యయనం చేసింది. చెరువు మట్టి వాడకం మీద ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ పనిచేసింది. తమిళనాడు చెరువుల మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధన ఉంది. ఒక్కో అధ్యయనం దేన్ని దేనితో పోల్చింది, చివరి ఆయకట్టును విడిగా చూసిందా లేదా అన్న రెండు ప్రశ్నలతో చదవండి. అలా చదివితే సమీక్ష 'ఫలానావారు ఇలా అన్నారు' అనే వరస కాకుండా, మీ పనికి చోటు ఎక్కడుందో చూపించే వాదన అవుతుంది. ఆన్‌లైన్ భండారాలైన శోధ్‌గంగలో పూర్తయిన థీసిస్‌లు, శోధ్‌గంగోత్రిలో ఆమోదం పొందిన సినాప్సిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీ అంశానికి దగ్గరగా ఉన్నవి ఓ నాలుగైదు చదవండి, పద్ధతి అధ్యాయాన్ని ముఖ్యంగా.

అక్కడి నుంచి వాక్యాలు మాత్రం ఎత్తుకోకండి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో 10 శాతం దాకా పోలికలుంటే శిక్ష లేదు, 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 40 దాటితే ఏడాది దాకా ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. శాతం సంగతి అటుంచి, ఇతరుల వాక్యాలతో రాసిన పద్ధతిని మీరు కమిటీ ముందు వివరించలేరు. ఏఐతో రాయించుకున్నదానికీ ఇదే వర్తిస్తుంది. అది ఇచ్చే రిఫరెన్సుల్లో లేని వ్యాసాలు ఉంటాయి. మీరు స్వయంగా తెరిచి చదవని ఒక్క పేరు కూడా జాబితాలో ఉండనివ్వకండి.

టైంటేబుల్‌ను యూనివర్సిటీ సెమిస్టర్‌తో కాకుండా పొలంతో కట్టండి. జూలై, ఆగస్టులో నాట్లు, మనుషులు దొరకరు. అక్టోబరు నుంచి పత్తి ఏరడం, నవంబరులో వరి కోతలు. ఫిబ్రవరి నుంచి మిర్చి ఏరే ఊళ్లలో ఇల్లు మొత్తం చేలో ఉంటుంది. మీ ప్రశ్న యాసంగి నీళ్ల గురించి కాబట్టి నవంబరు చివర చెరువులో నీటిమట్టం చూడాలి, జనవరి నుంచి మార్చి దాకా పొలాలకు వెళ్లి తడులు చూడాలి, ఏప్రిల్ తర్వాత సాయంత్రాలు ఇళ్ల దగ్గర కూర్చుని మాట్లాడాలి. ఒక యాసంగి తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. 2022 యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, మామూలుగా గరిష్ఠం 6 ఏళ్లు. మీకు రెండు యాసంగులు దొరికేలా రాసుకోండి, ఒకటి వానలు లేక పోయినా రెండోది ఉంటుంది. ఈ మాట సినాప్సిస్‌లో రాస్తే కమిటీ మెచ్చుకుంటుంది.

అనుమతుల గురించి రెండు మాటలు. మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఏమి అడుగుతుందో ఇప్పుడే కనుక్కోండి. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివాళ్లకు చదివి వినిపించి, సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. కౌలు రైతు పేరు, సర్వే నంబరు ఒకే కాగితం మీద ఉంటే అది పట్టాదారు చేతిలో పడితే ఆ కుటుంబానికి కౌలు పోవచ్చు. పేర్లకు బదులు కోడ్ నంబర్లు వాడండి, పేర్ల జాబితా వేరే చోట తాళం వేసి పెట్టండి. ఇది ఫారం నింపడానికి చేసే పని అనుకోవద్దు. వాళ్లు మన మీద నమ్మకంతో చెబుతారు, ఆ నమ్మకానికి మనం బాధ్యులం. ములుగు, ఏటూరునాగారం వైపు ఏజెన్సీ (గిరిజన ప్రాంత) గ్రామాల్లో చెరువులు మీ జాబితాలో ఉంటే గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు ముందుగా తెలియజేయండి, గ్రామ పెద్దలతో మాట్లాడాకే వెళ్లండి. ఆ భూముల చట్టాలు వేరు, అక్కడి కౌలు సంగతీ వేరు. నన్నడిగితే ఈ థీసిస్‌కు ఏజెన్సీ గ్రామాలను పక్కన పెట్టడమే మేలు, వాటికి విడిగా పరిశోధన కావాలి.

ఇక రాయడం. ముందుగా ఒక్క పేజీ రాయండి: ప్రశ్న, పోలిక, ఏ చెరువులు, ఏం కొలుస్తారు, ఏ జవాబు వస్తే మీ అంచనా తప్పని ఒప్పుకుంటారు. ఆ పేజీని గైడ్‌కు చూపించి ఒప్పించాకే మిగతాది రాయండి. పదకొండు లక్ష్యాలు మూడవ్వాలి. ఒకటి, చెరువులో యాసంగికి మిగిలే నీళ్లు మారాయా. రెండు, ఆ మార్పు మొదలు, నడుమ, చివర పొలాలకు ఎలా చేరింది. మూడు, చివరికి చేరని చోట కారణం కాలువనా, నీళ్లు వదిలే ఏర్పాటా, పై రైతుల బోర్లా. మూడోదానికి అంకెలు చాలవు, ఆరేడు చెరువుల దగ్గర కూర్చుని మాట్లాడాలి, ఆ మాట పద్ధతిలో రాయండి. పద్ధతి అధ్యాయం మీ సినాప్సిస్‌లో అన్నిటికన్నా పొడుగ్గా ఉండాలి. ఇంకో విద్యార్థి అది చదివి మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అదే పని చేయగలిగేంత వివరంగా.

కమిటీ రోజు పదిహేను స్లైడ్లు వద్దు. చెరువుల జతలు గుర్తించిన ఒక పటం, ఒక చెరువు కింద మొదలు-నడుమ-చివర చూపించే ఒక బొమ్మ, పోలిక (పూడిక తీసినవి, తీయనివి; ముందు, తర్వాత) చూపించే నాలుగు గడుల పట్టిక, టైంటేబుల్. ఇవి చాలు. 'కాలువ నీళ్ల సంగతేమిటి', 'ఆ చెరువునే ఎందుకు తీసుకున్నారు', 'వానలు ఎక్కువైన ఏడు కదా' అని అడుగుతారు. ఈ మూడింటికీ జవాబులు ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయి, ఇంట్లో ఎవరికైనా ఒకసారి పైకి చెప్పి చూసుకోండి. ఎవరైనా మంచి సూచన చేస్తే అక్కడే వాదించకుండా రాసుకోండి, తర్వాత గైడ్‌తో కలిసి చూడండి. ఈలోగా ఈ వారమే నీటిపారుదల శాఖకు వెళ్లి మీ మండలాల్లో దశలవారీగా పని జరిగిన చెరువుల జాబితా అడగండి. ఆ జాబితా చేతికి వచ్చాకే ఎన్ని జతలు నిజంగా దొరుకుతాయో తెలుస్తుంది. పదికన్నా తక్కువ దొరికితే పూడిక మట్టి ప్రశ్నకు మారడం గురించి గైడ్‌తో మాట్లాడండి, అప్పటికి ఇంకా సమయం ఉంటుంది.